విశాఖ ఎత్తుపల్లాలకు, ఉప్పుగాలికి నిలిచే బ్యాటరీ ప్యాక్: ఎలక్ట్రిక్ ఆటోకి ఎలా డిజైన్ చేసుకోవాలి

ఎలక్ట్రిక్ ఆటోకి బ్యాటరీ ప్యాక్ చేద్దామని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ‘ఏ సెల్ కొనాలి?’ అని. సెల్ సంగతి తర్వాత చూద్దాం. బండి ఏ రోడ్ల మీద తిరుగుతుంది, ఎంత బరువుతో తిరుగుతుంది, రాత్రిపూట ఎక్కడ ఆగుతుంది అన్నవి ముందు తేలాలి. విశాఖలో ఈ మూడింటికీ వచ్చే జవాబు మైదాన ప్రాంతపు ఊళ్లలో వచ్చేలా ఉండదు. ఊరంతా ఎత్తుపల్లాలు, ఒకపక్క సముద్రం, ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత. వేరే ఊరి డిజైన్‌ని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే సెల్స్ బాగానే ఉంటాయి, జాయింట్లూ కనెక్టర్లూ ముందు పోతాయి. అందుకే ఈ వ్యాసంలో సెల్ కంటే జాయింట్‌కీ, పెట్టెకీ ఎక్కువ చోటిచ్చాను.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న ఇంజినీరింగ్ పిల్లలు, ఆటోనగర్‌లో చిన్న యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు, లెడ్ యాసిడ్ బళ్లు బాగుచేస్తూ లిథియంలోకి మారుతున్న మెకానిక్‌లు దీన్ని వాడుకోవచ్చు. ఉదాహరణగా ముగ్గురు ప్రయాణికుల ఆటోని తీసుకుంటున్నాను. స్కూటర్‌కైనా, సరుకుల బండికైనా అంకెలు మారతాయి గానీ లెక్క వేసే వరస ఇదే.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ ప్యాక్ 60 వోల్టుల లోపే ఉంటుంది కాబట్టి షాక్ భయం తక్కువ. కానీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఒక స్పానర్ పడిందంటే వేల ఆంప్స్ పారతాయి, కరిగిన లోహం కళ్లలోకి చిమ్ముతుంది. ఉంగరాలు, గాజులు, వాచీ, మెళ్లో గొలుసు తీసేయండి. పిడులకు ఇన్సులేషన్ ఉన్న పనిముట్లే వాడండి. కళ్లకు సేఫ్టీ గాగుల్స్ లేకుండా బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) దగ్గరికి వెళ్లకండి.

ముందు రోడ్డు లెక్క

మీ బండి తిరగబోయే రూటులో ఇప్పటికే నడుస్తున్న ఆటోలో ఒక రోజంతా కూర్చోండి. ఫోన్‌లో జీపీఎస్ యాప్ పెట్టుకుని దూరం, వేగం, ఎత్తు, ఆగిన చోట్లు రికార్డు చేయండి. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి మద్దిలపాలెం మీదుగా హనుమంతవాక, అక్కడి నుంచి ఆరిలోవ వైపు ఒక ట్రిప్పు వేస్తే చాలు, ఈ ఊళ్లో చదును రోడ్డు ఎంత తక్కువో తెలుస్తుంది.

ఇక లెక్క. ఆటో, డ్రైవరు, ముగ్గురు మనుషులు, వాళ్ల సామాను కలిపి 700 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు టైర్ల రాపిడికి 100 న్యూటన్లు, గాలిని తోసుకుంటూ పోవడానికి మరో 55, 60 న్యూటన్లు కావాలి. మొత్తం 160. అంటే చక్రం దగ్గర కిలోమీటరుకు 44 వాట్ అవర్లు. మోటారు, దాన్ని నడిపే కంట్రోలర్, గేరు అన్నీ కలిపి 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే బ్యాటరీ నుంచి 55 లాగుతుంది. సిగ్నళ్లు, మనుషులు ఎక్కి దిగే ఆగుళ్లు, లైట్లు, హారన్ కూడా చేర్చి కిలోమీటరుకు 65 వాట్ అవర్లు పెట్టుకోండి.

ఇందులో ఎక్కుడు లేదు, దాన్ని విడిగా వేయాలి. కొండవాలు కాలనీలకు, ఫ్లైఓవర్లకు రోజు మొత్తంలో ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే 250 మీటర్లు అయిందనుకుందాం. సింహాచలం గుడి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, కాస్త అటూ ఇటూగా ఆ కొండ ఒకసారి ఎక్కినట్టు. 700 కిలోల్ని 250 మీటర్లు పైకెత్తడానికి 477 వాట్ అవర్లు, 80 శాతం సామర్థ్యంతో చూస్తే బ్యాటరీ నుంచి దాదాపు 600. చదును మీద తొమ్మిది కిలోమీటర్లకు సరిపడే కరెంటు ఒక్క ఎత్తుకే పోయింది. దిగేటప్పుడు రీజెన్ బ్రేకింగ్‌లో (మోటారే జనరేటర్‌లా పనిచేసి బండి వేగాన్ని తగ్గించడం) కొంత తిరిగి వస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, వస్తే అదనపు లాభం.

రోజుకి 75 కిలోమీటర్ల తిరుగుడు అయితే 75 × 65 చొప్పున 4,875, ఎక్కుడుకి 600. మొత్తం 5,475 వాట్ అవర్లు, అంటే దాదాపు 5.5 యూనిట్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్).

ఎక్కుడు దగ్గర కరెంటు ఎంత లాగుతుంది

యూనిట్లు తేలితే మైలేజీ తేలినట్టే. కానీ ప్యాక్ బతకాలా చావాలా అన్నది తేల్చేవి ఆంప్స్. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కుతుంటే, ఎత్తుకి 550 న్యూటన్లు, రాపిడికి 100, గాలికి పదో పదిహేనో. అంటే చక్రం దగ్గర 3.7 కిలోవాట్లు, బ్యాటరీ దగ్గర 4.6 కిలోవాట్లు. లోడు మీద వోల్టేజీ 48 దగ్గరికి దిగుతుంది కాబట్టి 95 ఆంప్స్. ఇది ఒక్క క్షణం కాదు, ఎక్కినంతసేపూ.

షేర్ ఆటోలో పర్మిట్ ముగ్గురికైనా ఎక్కేది ఎందరో మనకు తెలుసు. బరువు 900 కిలోలైతే ఇదే ఎక్కుడుకి 120 ఆంప్స్ దాటుతుంది. ఎత్తు మధ్యలో ఆగి, మళ్లీ కదిలేటప్పుడు కొన్ని సెకన్లు 200 ఆంప్స్ దాకా పోతుంది. కాబట్టి బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టి ఉండి, ప్రమాదమైతే కరెంటు ఆపే బోర్డు), కాంటాక్టర్ (పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు), కేబుల్, ఫ్యూజు అన్నిటినీ 150 ఆంప్స్ ఆగకుండా, 250 ఆంప్స్ పది సెకన్లపాటు మోసేలా తీసుకోండి. మైదాన ప్రాంతాల కోసం తయారై, 100 ఆంప్స్ బీఎంఎస్‌తో చవగ్గా దొరికే ప్యాక్‌లు ఇక్కడ ఎత్తు మధ్యలో కట్ అయ్యేది ఇందుకే.

సెల్, వోల్టేజీ, సైజు

ఆటోకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ సెల్స్ తీసుకోండి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్ కిలోకి ఎక్కువ కరెంటు దాచుకుంటాయి, నిజమే. కానీ ఆటో సీటు కింద చోటుకి కరువు లేదు. ఎల్ఎఫ్‌పీ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, మితిమీరి వేడెక్కినా దాని క్యాథోడ్ (ప్లస్ ఎలక్ట్రోడ్) ఆక్సిజన్‌ని అంత తేలిగ్గా వదలదు. రెండు వేలకు పైగా చార్జింగ్ సైకిళ్లు వస్తాయి, రోజూ తిరిగే బండికి అదే ముఖ్యం. అయితే ‘ఎల్ఎఫ్‌పీ అసలు కాలదు’ అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. లోపలి ఎలక్ట్రోలైట్ మండుతుంది, సెల్ పగిలితే హైడ్రోజన్ కలిసిన గ్యాస్ వస్తుంది. గ్యాస్ పోయే దారిని పెట్టె దగ్గర చూద్దాం.

పదహారు సెల్స్ సిరీస్‌లో పెట్టండి. ఒక్కోటి 3.2 వోల్టులు కాబట్టి ప్యాక్ 51.2 వోల్టులు. ఫుల్ చార్జ్‌లో సెల్‌కి 3.65 చొప్పున 58.4. బండ్ల ప్రమాణాల్లో 60 వోల్టుల డీసీ దాటితే హై వోల్టేజీ కింద లెక్క, అప్పుడు జాగ్రత్తలూ పరీక్షలూ చాలా పెరుగుతాయి. పదహారు సెల్స్‌తో ఆ గీతకి కాస్త ఇవతలే ఆగుతాం. కింది హద్దు సెల్‌కి 2.5 వోల్టులు. కంట్రోలర్‌ని మాత్రం 2.8 దగ్గరే, అంటే ప్యాక్ 45 వోల్టుల దగ్గరే ఆపేయమనండి.

రోజుకి 5.5 యూనిట్లు కావాలి. ప్యాక్‌లో 90 శాతమే వాడదాం, అప్పుడు 6.1. ఏళ్లు గడిచి కెపాసిటీ 80 శాతానికి పడిపోయినా ఆ రోజు పని జరగాలి, అందుకని 7.6. పదహారు సెల్స్, ఒక్కోటి 150 ఆంపియర్ అవర్లు అయితే 7.68 యూనిట్లు. సరిపోయింది. మధ్యాహ్నం భోజనం వేళ గంటన్నర చార్జింగ్ పెట్టుకునే వీలుంటే 120 ఆంపియర్ అవర్ల సెల్స్ చాలు. ఖర్చు తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. ఇది బండి యజమానిని అడిగి తేల్చుకోవాల్సిన మాట.

సెల్ ఒక్కోటి మూడు కిలోల దగ్గర ఉంటుంది. పెట్టె, బస్‌బార్లు, బీఎంఎస్ అన్నీ కలిపి ప్యాక్ 65, 70 కిలోలు తూగుతుంది. ఇంతే కరెంటు లెడ్ యాసిడ్‌లో దాచాలంటే 200 కిలోలు దాటిపోతుంది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి నీటి కింద ఉన్నంతసేపూ లెడ్ యాసిడ్ బ్యాటరీల మీదే నడిచేది. నీట మునగాల్సిన ఓడకి ఆ సీసం బరువు పనికొస్తుంది. ఆటోకి మాత్రం ప్రతి కిలో మళ్లీ ఎక్కుడు ఖర్చులోనే తేలుతుంది.

డబ్బాలా పలకగా ఉండే పెద్ద ప్రిస్మాటిక్ సెల్సా, చిన్న గుండ్రటి సెల్సా అంటే ఈ ఊరికి నేను ప్రిస్మాటిక్ వైపే. 6 ఆంపియర్ అవర్ల గుండ్రటి సెల్స్‌తో ఇదే ప్యాక్ చేస్తే 400 సెల్స్, 800 వెల్డింగులు. పెద్ద సెల్స్‌లో 32 టెర్మినల్స్‌తో సరి. ఉప్పుగాలి ఉన్నచోట జాయింట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది.

కొనేటప్పుడు పదహారూ ఒకే బ్యాచ్‌వి అడగండి. సెల్ మీది క్యూఆర్ కోడ్ గీకేసి ఉంటే డబ్బు చెల్లించకండి. మిల్లీ ఓమ్ మీటర్‌తో ప్రతి సెల్ లోపలి రెసిస్టెన్స్ చూడండి. 50 ఆంప్స్ లోడు మీద 2.5 వోల్టుల దాకా ఖాళీ చేస్తే మంచి సెల్ మూడు గంటలు రావాలి. పదహారింటి మధ్య తేడా ఒక శాతం దాటితే తేడా వచ్చినవి వెనక్కి ఇచ్చేయండి. అన్నిటికంటే బలహీనమైన సెల్ ఎంత ఇస్తే ప్యాక్ మొత్తం అంతే ఇస్తుంది.

జాయింట్: ప్యాక్ ఆయువు ఇక్కడే ఉంది

పదహారు సెల్స్ లోపలి రెసిస్టెన్స్ కలిపితే 8 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. బస్‌బార్లు, కేబుళ్లు, ఫ్యూజు, బీఎంఎస్ కలిపి మరో 6. మొత్తం 14 మిల్లీ ఓమ్‌ల మీద 95 ఆంప్స్ పారితే 126 వాట్ల వేడి పుడుతుంది. పావుగంట ఎక్కుడు ఎక్కినా, 48 కిలోల సెల్స్‌లో అది పరుచుకుని పెరిగేది రెండున్నర డిగ్రీలే. అంటే ఫ్యాన్లూ, నీళ్ల కూలింగూ ఈ ప్యాక్‌కి అక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క జాయింట్ పాడైందనుకోండి. అక్కడ 2 మిల్లీ ఓమ్‌లు చేరాయి. అదే 95 ఆంప్స్‌కి ఆ ఒక్కచోట 18 వాట్లు. బొటనవేలి గోరంత చోటులో చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. అలాంటి ప్యాక్ విప్పితే లగ్గు (కేబుల్ కొసకి ఉండే లోహపు కన్ను) అంచున పచ్చటి చిలుము, వాషర్ మీద నీలిరంగు మచ్చ, పక్కనే ముదురు గోధుమ రంగుకి తిరిగిన హీట్ ష్రింక్ తొడుగు కనిపిస్తాయి. ప్యాక్ వోల్టేజీ చూస్తే అంతా బాగానే ఉంటుంది. టెంపరేచర్ సెన్సర్ సెల్ నడుమ అతికించి ఉంటే అదీ ‘34 డిగ్రీలు, ఓకే’ అనే చూపిస్తుంది.

సెల్ టెర్మినల్ సాధారణంగా అల్యూమినియం. దానిమీద ఉత్త రాగి పట్టీ పెట్టి, ఉప్పు తేమ తగలనిస్తే, అల్యూమినియం కొద్దికొద్దిగా తినేసుకుపోతుంది. కాబట్టి నికెల్ పూత ఉన్న రాగి బస్‌బార్లు వాడండి. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఈ కరెంటుకి ధారాళంగా సరిపోతుంది. మధ్యలో చిన్న వంపు ఉన్నవి తీసుకోండి. సెల్ చార్జ్ అయినప్పుడు కాస్త ఉబ్బుతుంది, రోడ్డు గుంతలకు అదురుతుంది. తిన్నటి పట్టీ అయితే ఆ ఒత్తిడంతా టెర్మినల్ మీద పడుతుంది. వసతి ఉంటే లేజర్ వెల్డింగ్ అన్నిటికంటే మేలు, నట్లు వదులయ్యే ప్రసక్తే ఉండదు.

నట్లతోనే చేస్తుంటే ఒక్కో జాయింట్ ఇలా చేయండి. టెర్మినల్ ముఖాన్ని సన్నటి స్క్రబ్ ప్యాడ్‌తో మెరిసేదాకా రుద్దండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తుప్పు ఆపే కాంటాక్ట్ పేస్టు చాలా పల్చగా రాయండి. వెంటనే, మళ్లీ గాలి తగిలి పొర కట్టకముందే, బస్‌బార్ పెట్టి నట్ తిప్పండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. ఎంత అన్నది సెల్ డేటాషీట్ చెప్పాలి. ఎం6 స్టడ్‌కి చాలావాటిలో 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చేతి బలంతో బిగిస్తే మెత్తటి అల్యూమినియం మరలు పోతాయి, ఆ సెల్ ఇక పనికిరాదు. బిగించాక నట్ మీదా బస్‌బార్ మీదా కలిసేలా రంగుతో ఒక గీత గీయండి. తర్వాతెప్పుడు పెట్టె తెరిచినా గీత విరిగిందా లేదా చూస్తే చాలు, నట్ కదిలిందో లేదో తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక ప్యాక్ మీద 50 ఆంప్స్ లోడు పెట్టి, మల్టీమీటర్ మిల్లీవోల్ట్ రేంజిలో ఒక మొన టెర్మినల్ మీద, ఇంకో మొన బస్‌బార్ మీద ఉంచి 32 చోట్లా చదవండి. 5 మిల్లీవోల్టులు వస్తే జాయింట్ 0.1 మిల్లీ ఓమ్ దగ్గర ఉన్నట్టు. పక్కవాటికంటే రెట్టింపు చూపించినదాన్ని విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించండి. ఈ పరీక్షకి అరగంట పడుతుంది. ఏదో ఒకటి వదిలేయక తప్పదనుకున్నా దీన్ని మాత్రం వదలకండి.

ఇక సెల్స్‌ని పేర్చే సంగతి. సెల్‌కీ సెల్‌కీ మధ్య ఎపాక్సీ గ్లాస్ షీటు పెట్టండి. పై ప్లాస్టిక్ తొడుగు అదురుకి అరిగితే, పక్కపక్క సెల్స్ డబ్బాలు తగులుకుని షార్ట్ అవుతాయి. రెండు కొసల్లో గట్టి ప్లేట్లు పెట్టి, పొడవాటి బోల్టులతో సెల్ తయారీదారు చెప్పినంత ఒత్తిడితోనే బిగించండి.

పెట్టె: ఉప్పు, నీరు, చెమ్మ

గాల్వనైజ్డ్ రేకు పెట్టె బీచ్ రోడ్డు బళ్లకు ఎక్కువ కాలం రాదు. 5052 రకం అల్యూమినియం షీటు, పౌడర్ కోటింగ్, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు తీసుకోండి. 304 కంటే 316కి ఖర్చు ఎక్కువే, కానీ ఉప్పుకి నిలబడేది అదే. మూత కింద గాస్కెట్‌కి ఈపీడీఎం రబ్బరు లేదా సిలికాన్. కేబుళ్లు బయటికి వచ్చేచోట గ్లాండ్లు (కేబుల్ చుట్టూ బిగుసుకుని నీరు రాకుండా ఆపే బిరడాలు), అవీ పెట్టె పక్కనుంచే, పైనుంచి వద్దు. గ్లాండ్ దగ్గరికి వచ్చే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి తెస్తే, దానివెంట జారిన వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

పెట్టెని గట్టిగా మూసేస్తే చెమ్మ రాదనుకోవడం పొరపాటు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడగానే నీటి బొట్లుగా మారుతుంది. విశాఖలో మామూలు మధ్యాహ్నపు గాలి ఇదే. మీరు ఆ గాలిలో మూత మూశారు. సాయంత్రం వాన కురిసి పెట్టె 25 డిగ్రీలకు దిగింది. లోపల బస్‌బార్ల మీద చెమట పట్టేస్తుంది. పైగా చల్లబడిన పెట్టెలో గాలి ఒత్తిడి తగ్గి, గాస్కెట్‌లో ఎక్కడ సందున్నా బయటి తడిగాలిని లోపలికి పీలుస్తుంది.

దీనికి రెండు పనులు చేయండి. ఒకటి, గాలిని పోనిచ్చి నీటిని ఆపే సన్నటి పొర ఉన్న బ్రీదర్ వెంట్ పెట్టండి, లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది. రెండు, ఆఖరి బిగింపు ఏసీ గదిలో చేయండి. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గాలిలో మూసిన పెట్టె 14 డిగ్రీలకు దిగితే గానీ చెమర్చదు. విశాఖలో రాత్రిళ్లు అంత చల్లబడేది తక్కువ. సిలికా జెల్ సంచి ఒకటి లోపల వేసి, ప్యాక్ ఎప్పుడు తెరిచినా మార్చండి. బీఎంఎస్ బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డు మీద వేసే పల్చటి పూత) తప్పదు, అది ముందే ఉన్నది కొనుక్కుంటే మేలు.

బ్రీదర్‌తో పాటు పెద్ద ప్రెషర్ వెంట్ కూడా కావాలి. సెల్ పగిలితే వచ్చే గ్యాస్ అందులోంచి పోవాలి. దాని ముఖం నేల వైపుకో, బండి వెనక్కో ఉండాలి. ప్రయాణికుల కాళ్ల వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

నీటి పరీక్షకి ఐపీ67 స్థాయి పెట్టుకోండి: మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. మొదటిసారి సెల్స్ లేకుండా, లోపల టిష్యూ పేపర్లు పరిచి, బరువు కట్టి ముంచండి. పేపరు ఎక్కడ తడిస్తే అక్కడే లీకు. జ్ఞానాపురం వైపు వాన నీళ్లు నిలిచినప్పుడు ఆటోలు ఎలా ఈదుకుంటూ పోతాయో చూసినవాళ్లకు ఈ పరీక్ష ఎందుకో చెప్పనక్కర్లేదు.

తుఫానుకి సముద్రపు నీటిలో మునిగిన ప్యాక్ సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిమీదికి వచ్చింది. ఇంకో తుఫాను వచ్చేనాటికి రోడ్ల మీద ఎలక్ట్రిక్ బళ్లు చాలా ఎక్కువ ఉంటాయి. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాని ఇయాన్ తుఫాను ముంచినప్పుడు, ఉప్పునీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని రోజుల తర్వాత అంటుకున్నాయి. నీరు ఆరినా ఉప్పు పొర లోపల ఉండిపోయి కరెంటుకి దారి ఇస్తుంది. అలాంటి బండిని ఇంటికీ, వేరే బళ్లకీ దూరంగా ఆరుబయట పెట్టించండి. ‘ఒకసారి చార్జింగ్ పెట్టి చూద్దాం’ అనకండి. బండి కొన్నవాళ్లకు ఇచ్చే కాగితంలో ఈ మాట పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయండి.

బీఎంఎస్, ఫ్యూజు

సెల్ వోల్టేజీ పై హద్దు 3.65, కింది హద్దు 2.5, షార్ట్ సర్క్యూట్ కట్, బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటి చార్జ్‌ని సమానం చేయడం). ఇవి ప్రతి బీఎంఎస్‌లోనూ ఉంటాయి. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. సెన్సర్లు కనీసం నాలుగు ఉండాలి. ఒకటి మధ్య సెల్ మీద, ఒకటి కొస సెల్ మీద, ఒకటి మెయిన్ పాజిటివ్ లగ్గు పక్కన, ఒకటి బీఎంఎస్‌లో కరెంటుని కలిపి ఆపే మాస్‌ఫెట్ల దగ్గర పెట్టండి. చిలుము పట్టిన జాయింట్‌ని పసిగట్టేది మూడోదే.

ఎత్తు మధ్యలో బీఎంఎస్ హఠాత్తుగా కట్ చేస్తే బండి వెనక్కి జారుతుంది. వేడి 55 డిగ్రీలు దాటినా, ఏదైనా సెల్ వోల్టేజీ బాగా పడిపోయినా, ముందు కంట్రోలర్‌కి క్యాన్ లైను (బండి లోపలి బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరు) ద్వారా చెప్పి కరెంటు తగ్గించాలి, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగాలి, బజర్ మోగాలి. పూర్తి కట్ చివరి మెట్టు. క్యాన్ లేని చవక బీఎంఎస్ ఎంత తక్కువకి వచ్చినా ఈ ఊళ్లో ప్రయాణికుల బండికి నేను పెట్టను.

ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ 20 నుంచి 80 శాతం మధ్య దాదాపు కదలదు. వోల్టేజీని చూసి చార్జ్ శాతం చూపించే మీటర్ పెడితే డ్రైవర్‌కి రోజూ టెన్షనే. పోయిన, వచ్చిన ఆంప్స్ లెక్కపెట్టే రకం తీసుకోండి. వారానికి ఒకసారైనా 100 శాతం చార్జ్ పెట్టమని డ్రైవర్‌కి చెప్పండి, లెక్క సరిచేసుకుంటుంది, సెల్స్ కూడా బ్యాలెన్స్ అవుతాయి.

ఫ్యూజు డీసీదే వాడాలి, రేటింగు 58.4 వోల్టులకు పైన ఉండాలి. ఇంటి ఏసీ ఫ్యూజు డీసీ ఆర్క్‌ని ఆర్పలేదు. పాజిటివ్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గరగా బిగించండి. కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా కాకుండా మెల్లగా నిండేలా ప్రీచార్జ్ రెసిస్టర్ పెట్టండి. 5 మిల్లీ ఫారడ్‌లకు 100 ఓమ్‌లు అయితే రెండున్నర సెకన్లలో నిండిపోతాయి. అది లేకపోతే కీ తిప్పిన ప్రతిసారీ కాంటాక్టర్ మెరుస్తుంది, కొన్నాళ్లకు అతుక్కుపోతుంది.

చార్జింగ్

58.4 వోల్టులు, 30 ఆంప్స్ చార్జర్ ఐదు గంటల్లో నింపేస్తుంది. గోడ దగ్గర 8 ఆంప్స్ లాగుతుంది కాబట్టి 16 ఆంప్స్ పవర్ సాకెట్, సరైన ఎర్త్ కావాలి. పాత ఇళ్లలో ఎర్త్ పిన్ను ఉంటుంది గానీ వెనక వైరు ఉండదు, చూసుకోండి. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులో మీ శాంక్షన్డ్ లోడు ఎంతుందో కూడా చూడండి. చార్జర్ దాదాపు 1.8 కిలోవాట్లు తీసుకుంటుంది.

మే నెలలో బండి తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి, నీడలో అరగంట ఆగనివ్వండి. సెల్ 45 డిగ్రీలు దాటి ఉంటే చార్జింగ్ మొదలవకుండా బీఎంఎస్‌లో సెట్ చేయండి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం చార్జింగ్ పెట్టేవాళ్లకు ఈ సెట్టింగు చాలాసార్లు పనికొస్తుంది. అలాగే సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయనివ్వకూడదు, లిథియం లోహం పూతలా పేరుకుపోయి సెల్ పాడవుతుంది. విశాఖలో ఆ చలి రాదు. చలికాలంలో లంబసింగి దాకా పోయే బళ్లకు మాత్రం ఈ హద్దు అవసరం.

కొండ మీద ఇల్లు ఉన్నవాళ్లకు ఒక విషయం. రాత్రంతా నింపి, పొద్దున్నే 100 శాతంతో కిందికి దిగితే రీజెన్ పనిచేయదు, నిండిన సెల్ ఇంకా కరెంటు తీసుకోలేదు. బండి భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. అలాంటి బండికి రోజువారీ చార్జింగ్ హద్దు 90 శాతం పెట్టండి. వారానికోసారి నింపే 100 శాతం చార్జింగ్‌ని కింద, చదును మీద చేసుకోమనండి.

పరీక్షలు, అనుమతులు, చివరికి పాత ప్యాక్

రోడ్డు మీదికి పంపే ముందు 95 ఆంప్స్ లోడు పావుగంట పెట్టి, థర్మల్ కెమెరాతో చూడండి. పక్కవాటికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉన్న జాయింట్ కనిపిస్తే పని కాలేదన్నట్టే. ప్యాక్‌కీ పెట్టెకీ మధ్య ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) చూడండి, బీఎంఎస్ వైర్లు విప్పాకే. మెగా ఓమ్‌లలో రావాలి.

మీ సొంత నేర్చుకోలు వరకు ఇది చాలు. అమ్మాలన్నా, ప్రయాణికుల్ని ఎక్కించే బండికి పెట్టాలన్నా ఏఐఎస్ 156 (ఇలాంటి బళ్ల బ్యాటరీ భద్రతకి మన దేశపు ప్రమాణం) కింద సర్టిఫికెట్ కావాలి. 2022లో స్కూటర్లు వరసగా తగలబడ్డాక ఈ ప్రమాణాన్ని గట్టిగా సవరించారు. ఆ సవరణలు 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రెషర్ వెంట్, నాలుగు సెన్సర్లు, ప్రమాదం ముందే తెలిపే లైటూ శబ్దం అన్నీ అందులో ఉన్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు పరీక్ష చేస్తాయి. డిజైన్ అయ్యాక ప్రమాణం చదివితే పెట్టె మళ్లీ కోయించాల్సి వస్తుంది, మొదటి రోజే చదవండి.

వానాకాలం ముందొకసారి, వెళ్లాక ఒకసారి మూత తీసి నట్ల మీద రంగు గీతలు చూసి, మిల్లీవోల్ట్ పరీక్ష మళ్లీ చేయండి. మొదటి రోజు రాసుకున్న 32 అంకెలు మూత లోపలే అంటించి ఉంచితే పోల్చుకోవడం తేలిక. కెపాసిటీ 80 శాతానికి దిగిన ప్యాక్ ఆటోకి కష్టమైనా, షాపులో ఇన్వర్టర్‌కి ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. అదీ అయ్యాక పాత ఇనుము బండికి వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారుదే, చిన్న యూనిట్ పెట్టి అమ్మితే మీదే. ఇచ్చేముందు 30 శాతం కిందికి ఖాళీ చేసి, టెర్మినల్స్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, పెట్టె మీద ‘లిథియం’ అని రాసి పంపండి.